మూడో వరస

మా సంఘంలో అబద్ధమాడటం పాపం. అందుకని ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. అడిగేవాళ్లు లేకపోతే చెప్పే అవసరం రాదు, చెప్పకపోతే అబద్ధమయ్యే ప్రమాదమూ లేదు. పైన్ బ్లఫ్ ఊళ్లో కాగితం మిల్లుకు ఇవతల గ్రేటర్ సీడర్ హాలో బాప్టిస్టు సంఘంలో మా నల్లవాళ్లం మూడు తరాలుగా ఈ పద్ధతిలోనే పరిశుద్ధంగా బతికేస్తున్నాం. నేను అక్కడ గాయక బృందంలో పాడతాను. మేం ప్రసంగ వేదిక వెనక, జనానికి ఎదురుగా నిలబడతాం. పాస్టరు గారి వీపూ సంఘం మొహాలూ ఒకేసారి కనిపించేది మాకు మాత్రమే. ప్రసంగాల కంటే ఆ చూపే నాకు ఎక్కువ మేలు చేసింది.

ఓజెల్లా ప్రూయిట్‌ది గుమ్మం సేవ. తెల్ల చేతితొడుగులు వేసుకుని, ఎడమ చెయ్యి నడుం వెనక పెట్టుకుని, వచ్చినవాళ్లకు చోటు చూపించే ఉషర్ల పెద్ద ఆమె. ఆరాధన జరుగుతుండగా ఉషర్లు నోరు విప్పకూడదు, అంతా చేతులతోనే. అరచెయ్యి చూపిస్తే తలుపు ఆపమని, ప్రార్థన నడుస్తోందని. ఛాతీ మీద చెయ్యి వేస్తే ఎవరికో ఆత్మావేశం వచ్చింది, పడకముందే పట్టుకోమని. రెండు వేళ్లు ఎడంగా చూపిస్తే ఇద్దరు వచ్చారు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ చెరొకరినీ కూర్చోబెట్టమని. రెండు వేళ్లూ కలిపి చూపిస్తే ఆలుమగలు, విడదీయవద్దు, కావాలంటే కూర్చున్నవాళ్లను జరపమని. ఆ తర్వాత ఎన్ని వేళ్లు చూపిస్తే అన్నో వరస. ఇవన్నీ సంఘంలో పిల్లలక్కూడా తెలుసు. ఈస్టరు రోజు ఇంట్లో పోట్లాడుకుని వచ్చిన జంటలను ఓజెల్లా కలిపిన వేళ్లతో ఒకే బల్ల మీద కుదేస్తుంటే, వాళ్ల మొహాలు చూసి నవ్వాపుకోలేక నేను చాలాసార్లు శ్రుతి తప్పాను.

ఉషర్ ఆడవాళ్లకు తెల్ల గౌను. ఓజెల్లా అదే గుడ్డతో ప్యాంటు కుట్టించుకుంది. దాని మీద గొడవ జరగాల్సిందే, కానీ సంఘమాత అర్డీలియా స్టబ్స్ కళ్లజోడు పైకెత్తి ఆ ప్యాంటును పైనుంచి కిందకు చూసి, నడుస్తుంటే చప్పుడు రావడం లేదు, మంచిదే అంది. సంఘమాత మంచిదే అన్నాక మా ఊళ్లో దేవుడు కూడా రెండో మాట అనడు.

వయసులో ఉండగా ఓజెల్లా డెట్రాయిట్ వెళ్లింది. తల్లికి జబ్బు చేసిందని తిరిగొచ్చింది. తల్లి పోయింది, ఈమె ఉండిపోయింది. మరుసటి వేసవిలో రెండు పెట్టెలతో, ఊరు ఊరంతా వినబడే గొంతుతో థియోలా బ్యాంక్స్ బస్సు దిగింది. ఓజెల్లా రోజుకు పది మాటలు మాట్లాడితే మిగతావన్నీ థియోలా మాట్లాడుతుంది. ఆమెకు స్కూలు బస్సు నడిపే ఉద్యోగం దొరికింది. హారను అవసరం లేని బస్సు ఊరు మొత్తానికి అదొక్కటే.

మా పద్ధతి ప్రకారం కొత్తగా వచ్చినవాళ్లు మొదటి ఆదివారం లేచి నిలబడి ఎవరి తాలూకో చెప్పాలి. థియోలా లేచింది. నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో దేవుడికి తెలుసు, అర్డీలియా అమ్మగారికి ఇంకా బాగా తెలుసు. ముందు బల్ల మీంచి వెనక్కి తిరక్కుండానే ఆమె, "మన ఓజెల్లా కజిన్‌లే. కూర్చో తల్లీ," అంది.

థియోలా కూర్చుంది. మూడో వరసలో. ఆనాటి నుంచీ కజిన్.

కజిన్ అనే మాట పెద్ద గొడుగు లాంటిది, వానొస్తే కిందకి ఎవరైనా దూరొచ్చు. మా జనానికి వరసల పిచ్చి. ఎవరి అవ్వ ఎవరి తాతకు రెండో పెళ్లాం చెల్లెలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అలాంటివాళ్లు ముప్పై ఏళ్లకు పైగా థియోలాను ఒక్క మాట అడగలేదు: అమ్మ వైపా, అయ్య వైపా, అసలు ఏ వరస? ఇద్దరాడవాళ్లూ ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే కారులో వచ్చారు, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు చిక్కిపోయారు. మేం వాళ్లింటికెళ్లి చేపల వేపుడూ మొక్కజొన్న రొట్టే తిని, పడగ్గది ఒక్కటే ఉందన్న సంగతి కంటికి ఆనకుండా జాగ్రత్తపడి, మూతి తుడుచుకుని వచ్చాం. క్రైస్తవ ప్రేమంటే అదే మరి.

గుడిలో మాత్రం వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చోలేదు. ఓజెల్లా గుమ్మం దగ్గర నిలబడేది. థియోలా మూడో వరసలో అర్డీలియా అమ్మగారి వెనక కూర్చుని, పక్కన తన చేతిసంచి పెట్టుకునేది. ఆ సంచిని తియ్యమని ఎవరూ అడగలేదు. ఈస్టరు రోజు జనం గోడల వెంట నిలబడ్డా సంచికి చోటు ఉండేది.

ఇలా నడుస్తుండగా డల్లాస్ నుంచి మాకు కొత్త పాస్టరు వచ్చాడు. రెవరెండ్ డాక్టర్ లెమ్యుయెల్ ఫెయిర్లీ గారు. ఏ కాలేజీ డాక్టరేట్ అని మేం అడగలేదు, అడగని అలవాటు మాకుంది కదా. ఆయనతో వచ్చినావిడ మూడో పాస్టరమ్మ గారు. మొదటి ఇద్దరి గురించీ అడగలేదు. వచ్చిన ఏడాదికే ఆయన ఆడా మగా తేడాల మీద, కుటుంబం మీద, దేవుని క్రమం మీద వరస ప్రసంగాలు మొదలుపెట్టాడు. మా గాయకులను నడిపించే బ్రదర్ పట్టు రుమాలుతో చెమట తుడుచుకుంటూ, అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాడు. ఆయన గురించి నేనేం మాట్లాడను.

అంతలో థియోలాకు పొట్టలో పెద్ద ఆపరేషన్ అయింది. బతుకుతుందో లేదో అనుకున్నాం. బతికింది. లేచి తిరిగే శక్తి వచ్చిన మొదటి ఆదివారం సాక్ష్యాల సమయంలో బల్ల పట్టుకుని నిలబడింది. డాక్టర్లకు స్తోత్రం చెప్పింది, నర్సులకు చెప్పింది, కూరలు పంపినవాళ్లకు పేరుపేరునా చెప్పింది. కళ్లు తుడుచుకుని చివరిగా ఇలా అంది.

"నా భార్య ఓజెల్లా రాత్రనక పగలనక నా గొట్టాలు కడిగింది, పక్క మార్చింది, ఒక్క పూట విసుక్కోలేదు. ఆమెను నాకిచ్చిన దేవునికి స్తోత్రం."

విసనకర్రలు ఆగిపోయాయి. తేలు కుట్టిన దొంగల్లా సంఘం మొత్తం నోరెత్తకుండా కూర్చుంది. అందరికీ తెలిసిన సంగతే, కానీ వినబడటం అదే మొదటిసారి. నేను గుమ్మం వైపు చూశాను. ఓజెల్లా ఎడమ చెయ్యి నడుం వెనకే ఉంది. కుడి చెయ్యి మాత్రం, తనకే తెలియకుండా, ఛాతీ మీదకు వెళ్లింది. ఎవరినో పట్టుకోవాలని అటు పక్క ఉషర్ కంగారుగా చుట్టూ వెతికాడు.

ఆ వారమే పాస్టరు గారు ఓజెల్లాను తన గదికి పిలిచాడు. మాలో ఒక శిక్ష ఉంది, కూర్చోబెట్టడమని. పాపం బయటపడితే సేవ నుంచి దింపి, వెనక బల్ల మీద కూర్చోబెడతారు. మనసు మారిందని పాస్టరుకు అనిపించేదాకా అక్కడే. మాట అన్నది థియోలా. కానీ థియోలాకు ఏ సేవా లేదు, ముందునుంచీ కూర్చునే ఉంది. కూర్చున్నదాన్ని కూర్చోబెట్టడం డల్లాస్ డాక్టరు గారికి కూడా సాధ్యం కాలేదు. అందుకని నిలబడి ఉన్నదాన్ని కూర్చోబెట్టాడు. న్యాయమంటే అలా ఉండాలి.

ఓజెల్లా చేతితొడుగులు విప్పి, మడిచి, ఆయన బల్ల మీద పెట్టి వచ్చింది. గుమ్మం పెద్దరికం హోసియా గ్రైమ్స్‌కు వెళ్లింది. హోసియా ఆమె చేతికింద నేర్చుకున్నవాడే. నిటారు మనిషి. పాపం పాపమే, చుట్టరికం చుట్టరికమే అని అతని సిద్ధాంతం. సాక్ష్యం రోజు నుంచీ ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఉషర్లు ఎలాగూ మాట్లాడరు కాబట్టి తేడా తెలియడానికి అందరికీ కొంతకాలం పట్టింది.

ఆదివారం ఓజెల్లా చివరి బల్ల మీద తలుపు పక్కన కూర్చుంది. తను కూడా వెనక్కి వస్తానని థియోలా అంది. నీ చోటు నువ్వు వదలకు అని ఓజెల్లా కసిరింది. అలా ఒకామె వెనక, ఒకామె ముందు, మధ్యలో తల తిప్పని జనం. ఎవరికైనా ఆవేశం వచ్చి ఊగినప్పుడల్లా వెనక బల్ల మీద ఆమె మోకాళ్లు కదలడం నాకు కనిపించేది. సగం లేచేది, గుర్తొచ్చి కూర్చునేది. అది చూస్తూ పాడటం నావల్ల కాలేదు. ఒక ఆదివారం పాట మధ్యలో ఏడ్చాను. ఆత్మ దిగిందనుకుని నాకు నీళ్లిచ్చారు.

థియోలా మేనకోడలు లిటిల్ రాక్‌లో ఉంటుంది. ఇంకా ఆ చోట ఎందుకు పడి ఉంటారు, ఇక్కడ మీలాంటివాళ్లను రెండు చేతులతో పిలిచే సంఘం ఉంది, రమ్మంది. ఒక ఆదివారం ముగ్గురం వెళ్లాం. నేను తోడు కోసం వెళ్లానని చెప్పాను, నిజానికి చూద్దామని వెళ్లాను. గుమ్మానికి ఇంద్రధనుస్సు రంగుల జెండా. లోపల తెల్లవాళ్లు, మంచివాళ్లు. మేం రావడం వాళ్లకెంత ఆనందమో కనబడిన ప్రతివారూ చెప్పారు, చెప్పినవాళ్లే మళ్లీ వచ్చి చెప్పారు. చెప్పులు వేసుకున్న పాస్టరమ్మాయి ప్రసంగం నేను విసనకర్ర తియ్యకముందే అయిపోయింది. ఒక్కరికీ చెమట పట్టలేదు. చప్పట్లు కొట్టారు, తాళం ఒకచోట, చప్పట్లు ఒకచోట. మీ ఇద్దరి ఫోటో బయట బోర్డు మీద పెట్టుకోవచ్చా అని ఒకావిడ ఎంతో మర్యాదగా అడిగింది. తర్వాత భోజనం. బంగాళదుంప సలాడ్‌లో ఎండుద్రాక్ష వేశారు, మా వంటిళ్లలో ఆ పాపం ఎవరూ చెయ్యరు.

కారెక్కాక ఎంతసేపటికీ థియోలా మాట్లాడకపోయేసరికి నాకు భయమేసింది. చివరికి ఓజెల్లానే అంది, వాళ్లను తప్పు పట్టకండి, మనసులు మంచివి అని. మళ్లీ తనే, "అక్కడ స్వేచ్ఛ ఉందే, ఉప్పు లేదు," అంది.

మా అమ్మ మంచం పట్టినప్పుడు దగ్గర కూర్చున్నది సీడర్ హాలో వాళ్లు. ఓజెల్లా తల్లి సమాధి మీద గడ్డి కోసేది వాళ్లు. ఆమెను వెనక బల్ల మీద కూర్చోబెట్టి ఆమేన్ అన్నదీ వాళ్లే. మన వాళ్లు కాకపోతే వదిలేసి పోవచ్చు. మన వాళ్లయి చచ్చారు, ఏం చేస్తాం.

అప్పుడు పాస్టరు గారు దయ తలచాడు. ఉషర్ల వార్షికోత్సవం వస్తోంది, చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయి, గుమ్మం దగ్గర ఓజెల్లా లేకపోతే మాట పడేది ఆయనే. కబురు పంపాడు. విడిపొమ్మని అడగలేదు, అంత కఠినాత్ముడు కాదు. వాళ్లింట్లో ఏం జరుగుతుందో తనకు అనవసరమన్నాడు. వచ్చే ఆదివారం సంఘం ముందు లేచి, థియోలా నాకు కజిన్ అవుతుంది, ఆ రోజు మందుల మత్తులో నోరు జారింది అంటే చాలు, చేతితొడుగులు ఆమెవే. అంటే ఆయనకు కావలసింది పాపం పోవడం కాదు, మాట పోవడం.

ఆ శనివారం మా వసారాలో ముగ్గురం కూర్చుని బఠానీలు వలిచాం. థియోలా చెప్పెయ్యమంది. ఇన్నేళ్లు కజిన్‌గా ఉన్నాను, అరిగిపోయానా తరిగిపోయానా, గుమ్మం లేకుండా నువ్వు బతకలేవు, నాకు తెలియదా అంది. గొంతు మామూలుగానే ఉంది, చేతుల్లో కాయ మాత్రం వలవకుండానే నలిగిపోయింది. ఓజెల్లా ఆ కాయ తీసుకుని పక్కన పడేసింది.

"నేను గుమ్మం దగ్గరే ఎందుకు నిలబడ్డానో తెలుసా?" అంది నాతో.

సేవంటే ఇష్టం కనుక అన్నాను.

"ఇష్టమే. కానీ మొదట అందుక్కాదు. ఎప్పుడో ఒకరోజు పొమ్మంటారు, అప్పుడు బయటికి దగ్గరగా ఉంటుందని. అందరి ముందూ ఆ నడక అంతా నడవక్కర్లేదని."

నేను గాయకుల వరసలోంచి ఆమెను పాతికేళ్లుగా చూస్తున్నాను. ఆ నిటారు నడుం, ఆ వెనక్కి పెట్టిన చెయ్యి గౌరవం కోసమనుకున్నాను. ఆమె అన్ని వేల మందికి చోటు చూపిస్తూ, తను మాత్రం ఎప్పుడూ సగం బయటే నిలబడింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. బఠానీలన్నీ నేనే వలిచేశాను.

రేపు ఏం చెబుతావని అడిగితే, ఉషర్లు మాట్లాడరు కదా అని ఊరుకుంది.

ఆదివారం గుడి నిండింది. ఎప్పుడూ రానివాళ్లు కూడా దేవుడి మీద భక్తితో ముందే వచ్చి కూర్చున్నారు. ప్రకటనలయ్యాక పాస్టరు గారు ఓజెల్లాను నడవలోకి పిలిచాడు. ఆమె తెల్ల బట్టల్లో వచ్చింది, చేతితొడుగులు లేవు. ఆయన మైకు చేతికిచ్చి, కరుణతో నిండిన గొంతుతో అన్నాడు.

"సిస్టర్ థియోలా మీకేమవుతుంది, ఏ వరసో, సంఘానికి మీ నోటితో చెప్పండి సిస్టర్."

ముప్పై ఏళ్లకు పైగా ఎవరూ అడగని ప్రశ్న. చివరికి అడగడానికి డల్లాస్ నుంచి మనిషి రావలసి వచ్చింది.

ఓజెల్లా మైకు కేసి చూసింది. తర్వాత దాన్ని ఎంతో జాగ్రత్తగా ముందు బల్ల మీద పెట్టింది. మూడో వరస దగ్గరికి వెళ్లి థియోలాకు చెయ్యి అందించింది. థియోలా నడవలోకి వచ్చింది. ఏం జరుగుతోందో ఆమెకూ తెలియదు. ఇద్దరూ ఆ నడక అంతా నడిచి వెనక గుమ్మం దాకా వెళ్లారు. వెళ్లిపోతున్నారనే నేననుకున్నాను.

గుమ్మం దగ్గర వాళ్లు ఆగి, అప్పుడే వచ్చినవాళ్లలా ఇటు తిరిగారు. అక్కడ హోసియా నిలబడి ఉన్నాడు. ఓజెల్లా ఎడమ చెయ్యి నడుం వెనక పెట్టుకుంది. కుడి చెయ్యి ఎత్తి రెండు వేళ్లు చూపించింది. కలిపి.

తర్వాత మూడు వేళ్లు.

సంఘంలో పిల్లలకు కూడా ఆ భాష తెలుసని చెప్పాను కదా. మా వెనక ఆర్గన్ వాయించే అబ్బాయి చెయ్యి సుతారంగా తప్పు మెట్టు మీద పడింది. హోసియా మొహంలో ఒక్క నరం కదల్లేదు. సైగకు ఎదురు చెప్పిన ఉషర్ లేడు, కారణం అడిగినవాడూ లేడు, అలా నేర్పింది ఆమే. అతని చెయ్యి అలవాటుగా కదిలిందో, మనసే కదిలిందో నేను అడగలేదు, అడిగినా చెప్పడు. తల వంచాడు. తిరిగాడు. ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని, రబ్బరు అడుగుల బూట్లతో చప్పుడు లేకుండా, నడవ మధ్యలోంచి పాస్టరు గారి ఎదురుగా నడిచి వచ్చాడు. మూడో వరస దగ్గర ఆగి, చివర కూర్చున్న పాస్టరమ్మ గారి చెల్లెల్ని జరగమని చెయ్యి చూపించాడు. ఆమె జరిగింది. అతనే వంగి థియోలా చేతిసంచి తీసి కింద పెట్టాడు.

పాస్టరు గారు వేదిక మీద నోరు తెరిచి మైకు కోసం వెతుక్కున్నాడు. అది ముందు బల్ల మీద, అర్డీలియా అమ్మగారి పక్కన ఉంది. ఆమె దాన్ని విసనకర్ర కింద పెట్టుకుని కిటికీలోంచి వాతావరణం చూస్తోంది. మాకు లేవమని ఎవరూ సైగ చెయ్యలేదు, అయినా గాయకులం లేచి పాట అందుకున్నాం. పట్టు రుమాలు బ్రదర్ ముందుగా లేచాడు. చెప్పానుగా, ఆయన గురించి నేనేం మాట్లాడను. ఆ తర్వాత పాస్టరు గారు ఐక్యత మీద ప్రసంగించి, ఇదంతా తను ప్రార్థించి సాధించినట్టు కళ్లు మూసుకున్నాడు. తెలివైనవాడు, మా దగ్గర చాలాకాలం ఉంటాడు.

ఓజెల్లా చేతితొడుగులు ఇంకా ఆయన గదిలోనే ఉన్నాయి. ఆయన లేచి సేవకు రమ్మనలేదు, ఆమె అడగలేదు. కూర్చోబెడితే సిగ్గుపడే జాతి కాదు మాది. మా అమ్మలు హోటళ్లలో తెల్లవాళ్ల బల్లల ముందు కూర్చుని, లేవమంటే లేవనందువల్లే మేమీవాళ అన్నం తింటున్నాం. డల్లాస్‌లో ఆ పాఠం చెప్పరేమో.

ఆ రోజు మాత్రం, కూర్చోమని హోసియా చెయ్యి చూపించినా, ఓజెల్లా వెంటనే కూర్చోలేదు. థియోలాను లోపలికి పంపి, అలవాటు ప్రకారం తను బల్ల అంచున, నడవ వైపు, సగం ఆనింది. ఎవరైనా పొమ్మంటే లేవడానికి వీలుగా. అప్పుడు ముందు వరసలోంచి, వెనక్కి తిరక్కుండానే, అర్డీలియా అమ్మగారు అంది.

"అంచున కూర్చుంటావేంటి, పడతావు. లోపలికి జరుగు, బిడ్డా."

ఓజెల్లా జరిగింది.